వలలో డాల్ఫిన్ పడితే వల కొయ్యాలి సరే, ఆ వల మళ్లీ ఎవరు కట్టిస్తారు?

పెద్దజాలరిపేట_కుర్రోడు
మొన్న మంగళవారం రాత్రి జరిగింది రాస్తన్నాను. తెల్లారగట్ల మూడింటికి వంజరాల వల లాగుతుంటే ఒక దగ్గిర బరువు తగిలింది. పెద్ద టేకు చేప అనుకున్నాం. లైటు వేసి చూస్తే డాల్ఫిన్. తోక చుట్టూ నరం వల నాలుగు మడతలు చుట్టీసుకుంది. ఇంకా ఊపిరుంది, నెత్తిమీద బెజ్జంలోంచి బుస్సుమని గాలి వదుల్తంది. దాని పిల్ల ఒకటి వలలో పడలేదు గానీ మా బోటు చుట్టూ తిరుగుతానే ఉంది. మా నాన్న ఒక్క మాట ఆడకుండా కత్తి తీసి వల కోసీసినాడు. రెండు ముక్కలు పోయాయి. అది నీళ్లలోకి జారి కాసేపు అలాగే తేలింది, తర్వాత పిల్లతో కలిసి దిగిపోయింది.

మా నాన్న చేసింది తప్పని నేను అనను. ఆ పిల్లని చూశాక నేనైనా అదే చేద్దును. కానీ ఒడ్డుకొచ్చాక లెక్క చూస్తే డీజిలు, ఐసు పోను చేతిలో మిగిలింది ఏమీ లేదు. వల ముక్కలకి అప్పు తెచ్చాం. ఏదైనా సాయం ఉంటాదేమోనని ఒక ఆఫీసుకెళ్లి అడిగితే "దీనికి మా దగ్గిర పద్దు లేదు" అన్నారు. పైగా "అసలు డాల్ఫిన్‌ని ఎందుకు పట్టారు" అని నిలదీశారు. ఇంక రెండోసారి ఎవరు నోరు విప్పుతారు?

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? మళ్లీ పడకుండా దారేమైనా ఉందా?

సాగర్‌నగర్_నడక
మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి తమ్ముడూ. నేను రోజూ పొద్దున్నే బీచిలో నడుస్తాను. పోయిన ఏడాది ఒక డాల్ఫిన్ చచ్చి కొట్టుకొచ్చింది. మూతి చుట్టూ దారంతో కోసినట్టు గీతలున్నాయి. జనం చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు, ఒకాయన పిల్లాణ్ణి దానిమీద కూర్చోబెట్టాడు. నాకు కడుపులో తిప్పేసింది. అది ఎందుకు చచ్చిందని అక్కడ ఒక్కరూ అడగలేదు.

సోనా_సరంగు
నీకు జరిగింది అందరికీ జరుగుతాది, ఎవరూ బయటికి చెప్పరంతే. ముప్పై ఏళ్లలో నేను నాలుగైదు చూశాను. అన్నీ చచ్చినవే. చచ్చినదాన్ని ఏం చేస్తాం, నీళ్లలో ఒగ్గీసి వచ్చీడమే. ఒడ్డుకి తెస్తే కేసు.

భీమిలి_బుజ్జమ్మ
ఆ పిల్ల సంగతి చదివి ఏడుపొచ్చింది నాయనా. మా అత్త చెప్పేది, గంగమ్మ తల్లి బిడ్డలవి, పడితే దణ్ణం పెట్టి వదిలీమని. అప్పట్లో నూలు దారం వలలు, పెద్ద చేప గింజుకుంటే తెగిపోయేవి. ఇప్పుడు నైలాను నరం, తెగదు, నీళ్లలో కనపడదు.

ఏయూ_జంతుశాస్త్రం
బుజ్జమ్మ గారు అన్నదే అసలు కిటుకు. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చేది. వలలో తోక చిక్కి కొన్ని నిమిషాలు పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. సోనా_సరంగు గారు చూసినవన్నీ చచ్చినవి కావడానికి కారణం అదే. రాత్రంతా వల నీళ్లలో ఉంటుంది, లాగేసరికి ఎప్పుడో ప్రాణం పోయి ఉంటుంది. కుర్రోడి వలలో పడింది పైన, వలని తేల్చే బెండ్లకి దగ్గర్లో చిక్కుకుని ఉండాలి, అందుకే గాలి అందింది.

అది చీకట్లో దారి చూసుకునేది శబ్దంతో. టిక్ టిక్ మని చప్పుడు వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో పోల్చుకుంటుంది. సన్నని నైలాను దారం నుంచి ప్రతిధ్వని చాలా బలహీనంగా వస్తుంది. పైగా వలలో చిక్కిన చేప బాగా వినపడుతుంది. అంటే దానికి తిండి తెలుస్తుంది, తిండి చుట్టూ ఉన్న ఉచ్చు తెలియదు.

ఇంకోటి. కానాగంత చేప వేలకి వేలు గుడ్లు పెడుతుంది. డాల్ఫిన్‌కి సుమారు ఏడాది మోస్తే ఒక్కటే పిల్ల. దానికి ఏడాదిన్నర, రెండేళ్లు పాలివ్వాలి. మళ్లీ కడుపు రావడానికి రెండు మూడేళ్లు పైనే. తల్లి పోతే పాలు తాగే పిల్ల కూడా బతకదు. మీ నాన్నగారు ఆ రాత్రి కాపాడింది రెండు ప్రాణాలు.

సోనా_సరంగు
చదువుకున్న అమ్మాయి బాగా చెప్పింది. కానీ అవి ఇక్కడ గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. వంద, రెండొందలు ఒకేసారి గెంతుతాయి. అంతరించిపోతున్నాయంటారు, ఎక్కడుంది?

ఏయూ_జంతుశాస్త్రం
@సోనా_సరంగు గారూ, మీరు చూసేవి గింగిరాలు తిరుగుతూ గెంతే స్పిన్నర్ డాల్ఫిన్లు అయ్యుంటాయి. అవి లోతు నీళ్లవి, ప్రపంచం మొత్తం మీద అంత ప్రమాదంలో లేవు. ఒడ్డుకి దగ్గర్లో, నదులు కలిసేచోట తిరిగే మూపురం డాల్ఫిన్ల సంగతి వేరు. హిందూ మహాసముద్రపు మూపురం డాల్ఫిన్‌ని 2017లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టారు. పైన చిలికాలో ఉండే ఇరావడీ డాల్ఫిన్‌ని కూడా అదే ఏడాది. చిలికాలో ఉన్నవి మొత్తం సుమారు 150. డాల్ఫిన్‌కి చుట్టం, వీపురెక్క లేని చిన్న పోర్పస్ కూడా ముప్పున్న జాబితాలోనే ఉంది. ఒడ్డు పక్క బతికే జాతులకీ, నీళ్లలో తెరలా నిలబెట్టే మన గిల్ నెట్టుకీ ఉన్నది ఒకే ఇల్లు, అదీ చిక్కు.

రుషికొండ_డైవర్
స్పిన్నర్లు ఎక్కువున్నాయని ధైర్యం వద్దండి. చైనాలో యాంగ్‌ట్సీ నదిలో బైజీ అని ఒక డాల్ఫిన్ ఉండేది. 2006లో ఆరు వారాలు నదంతా గాలిస్తే ఒక్కటీ దొరకలేదు. దాన్ని తినడానికి ఎవరూ అంతగా వేటాడలేదు. చేపల గేలాలకీ, వలలకీ, ఓడలకీ పోయింది. మెక్సికోలో వకీటా అనే చిన్న పోర్పస్‌దీ ఇదే కథ. అక్కడ టొటోవాబా అనే చేప గాలితిత్తికి చైనాలో విపరీతమైన రేటు, దానికోసం దొంగచాటుగా గిల్ నెట్లు వేస్తారు, వాటిలో వకీటా పడి చస్తుంది. ఇప్పుడు మిగిలినవి పది అటూ ఇటూ. అసలు ఆ జీవి ఒకటుందని శాస్త్రవేత్తలు రాసిందే 1958లో.

పూడిమడక_గేలం
మా ఊళ్లో గేలం వేట ఎక్కువ. సూర (టూనా) చేపకి లోతుకెళ్లి చేతిగేలం వేస్తాం. గేలానికి డాల్ఫిన్ పడటం నేనెప్పుడూ చూడలేదు. అదేటంటే మేం వేసిన చేపని సగం కొరికి పట్టుకుపోద్ది, తల మాత్రం మనకి ఒగ్గీసి. ఆ తల చూస్తే కోపం రాదేటి? అయినా చంపం. వల మానేసి గేలానికి రండి అని నేను అనను, మీ వేట మీది. కానీ వల దండగ లేని వేట ఉందని చెప్తన్నాను.

పెద్దజాలరిపేట_కుర్రోడు
@పూడిమడక_గేలం బాబాయ్, మీ బోట్లు, మీ సరుకు, మీ గిరాకీ వేరు. మాది ఐదుగురు ఎక్కే ఫైబర్ బోటు, రాత్రి వెళ్లి పొద్దున రావాలి. ఆరు రోజులు లోతులో ఉండే ఐసు పెట్టె మాకు లేదు.

ప్లీడరు_మావయ్య
చట్టం సంగతి చెప్తాను, భయపెట్టడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డాల్ఫిన్లు, తిమింగలాలు, సముద్రపు ఆవు అన్నీ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ. వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకి తగ్గదు. అమ్మినా, మాంసం దాచినా అదే దారి.

అయితే అనుకోకుండా పడిందాన్ని ప్రాణంతో వదిలిన మనిషి వేటగాడు కాదు. మీ నాన్నగారి దగ్గర ఆ రాత్రి ఫోనుంటే పది సెకన్ల వీడియో తియ్యమనండి ఇకపై. వల కోస్తున్నట్టు, అది ఈదుకుంటూ పోతున్నట్టు. రేపు ఎవరైనా నిలదీస్తే అదే మీ సాక్షి.

సోనా_సరంగు
మావయ్యా, అర్ధరాత్రి, అల కొడతా ఉంటే, ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో డాల్ఫిన్, మూడో చేత్తో ఫోను పట్టమంటారా 😄

ప్లీడరు_మావయ్య
ఐదుగురు ఉన్నారు కదా బోటులో! చిన్నోడికి ఇవ్వండి, ఆడు ఎలాగూ ఫోను వదలడు.

సాగర్‌నగర్_నడక
మన విశాఖ పక్క తంతడి దగ్గర 2021లో వలలో పడ్డ పెద్ద చేపని జాలర్లు, అటవీశాఖ వాళ్లు కలిసి సముద్రంలోకి పంపారు కదా. అలా చెయ్యొచ్చని అప్పుడే తేలింది.

ఏయూ_జంతుశాస్త్రం
@సాగర్‌నగర్_నడక అది వేల్ షార్క్, పేరులో తిమింగలం ఉన్నా నిజానికి చేపే. మొప్పలుంటాయి, గాలి కోసం పైకి రానక్కర్లేదు. చట్టం రక్షణ మాత్రం దానికీ అంతే.

మీరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, నష్టపరిహారానికి దారి వేసింది ఆ చేపే. గుజరాత్‌లో ఒకప్పుడు వేల్ షార్క్‌ని కాలేయం నూనె కోసం వేటాడేవాళ్లు. ఇప్పుడు వలలో పడితే జాలరే వల కోసి వదిలేస్తాడు, చిరిగిన వలకి ప్రభుత్వం డబ్బిస్తుంది. మహారాష్ట్రలో 2018 డిసెంబరు నుంచి డాల్ఫిన్లకి, తాబేళ్లకి కూడా అదే పద్ధతి పెట్టారు. రక్షిత జీవిని వదలడానికి వల కోస్తే 25 వేల వరకు ఇస్తారు. ఫొటోనో వీడియోనో చూపించాలి.

పెద్దజాలరిపేట_కుర్రోడు
25 వేలా! మాకు పోయింది అందులో సగం కూడా కాదు. మరి ఇక్కడ ఆఫీసులో "పద్దు లేదు" అన్న మనిషికి అక్కడ పద్దు ఉందని తెలుసా?

భీమిలి_బుజ్జమ్మ
సంఘంలో పెట్టు నాయనా. ఒక్కడివి వెళ్తే తోసేస్తారు. సంఘం లెటరుహెడ్డు మీద మహారాష్ట్ర కాగితం జత చేసి ఇస్తే సమాధానం చెప్పాలి కదా వాళ్లు. మా ఆడోళ్లం కూడా సంతకాలు పెడతాం. వల పోతే అప్పు తీర్చేది మేమే, చేప అమ్మి.

సోనా_సరంగు
ఒక మాట ఉంది. అన్నీ వలల మీదే పెట్టకండి. హార్బరు పక్కనే పోర్టు. రోజుకి ఎన్ని ఓడలు తిరుగుతున్నాయి, వాటి చప్పుడు, ఫ్యాను దెబ్బ, నూనె! అది ఎవరూ అడగరు. జాలరోడు దొరికాడు కాబట్టి జాలరోడి మీద రాళ్లు.

రుషికొండ_డైవర్
ఓడల చప్పుడు నిజమే సరంగు గారూ, నీళ్లలో దిగితే నాకే చెవులు దిబ్బడేస్తాయి. కానీ ప్రపంచం మొత్తం మీద డాల్ఫిన్లని, పోర్పస్‌లని చంపేవాటిలో మొదటిది చేపల వలే. ఏటా 3 లక్షలు పైనే అని 2006లో వేసిన లెక్క. వాటిలో ఎక్కువ గిల్ నెట్లలోనే. రాళ్లు వేద్దామని కాదు, నెప్పి ఎక్కడుందో అక్కడే కదా మందు రాస్తాం.

ఏయూ_జంతుశాస్త్రం
మన హిందూ మహాసముద్రానికే వేరే లెక్క ఉంది. సూర చేపలకి వేసే గిల్ నెట్లలో 1950 నుంచి 2018 వరకు పడ్డ డాల్ఫిన్లు, చిన్న తిమింగలాలు 41 లక్షలు ఉంటాయని 2020లో అంచనా కట్టారు.

రింగువల_వద్దు
ఇదంతా ఆ రింగు వలల వల్లే. గుంపుని గుంపు చుట్టేసి

వేదిక_నిర్వాహకుడు
@రింగువల_వద్దు ఆపండి. 2022 జనవరిలో ఆ గొడవకి బోట్లు తగలబడ్డాయి, ఇక్కడ కూడా తగలబెట్టకండి. దానికి వేరే చర్చ ఉంది.

ఎగుమతి_బాబాయ్
ఇంకో వైపు నుంచి చెప్తాను. నేను చేపలు బయటికి పంపే పనిలో ఉన్నాను. అమెరికాలో 1972 నుంచి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ఉంది. 2016లో దానికింద ఒక నియమం తెచ్చారు. వాళ్ల జాలర్లు డాల్ఫిన్లని కాపాడటానికి ఏ కట్టుబాట్లు పాటిస్తున్నారో, చేపలు అమ్మే దేశాలు కూడా దానికి సమానంగా పాటించాలి. లేకపోతే ఆ వేట సరుకు రానివ్వరు. వాయిదాలు పడుతూ వచ్చి 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

తాబేలు విషయంలో మనకి ఈ దెబ్బ ఇప్పటికే తగిలింది. సముద్రంలో ఈడ్చే ట్రాల్ వలలకి తాబేలు తప్పించుకునే కిటికీ పెట్టలేదని సముద్రపు రొయ్యని 2019 నుంచి అమెరికా తీసుకోవడం లేదు. ఆంధ్రా నుంచి వెళ్లేది ఎక్కువగా చెరువులో పెంచే వనామీ రొయ్య కాబట్టి మనకి పెద్దగా తెలియలేదు. సూర, వంజరం, కందవ చెరువులో పెరగవు కదా. "మా వలలో డాల్ఫిన్ పడదు" అని నోటిమాట చెప్తే ఎవరూ వినరు. ఎన్ని పడ్డాయి, ఎన్ని వదిలాం అని రాసిన లెక్క కావాలి. ఆ లెక్క ఇవ్వగలిగేది కుర్రోడి లాంటివాళ్లే, వాళ్లని ఆఫీసులో నిలదీసి పంపుతున్నాం.

సోనా_సరంగు
అమెరికా వాడు తినకపోతే మనోళ్లు తింటారులే.

ఎగుమతి_బాబాయ్
తింటారు సరంగూ, రేటు ఎవరు నిర్ణయిస్తారు? ఒక్క కొనుగోలుదారు తగ్గితే ఏలం పాట ఎక్కడ ఆగుతుందో నీకు నాకంటే బాగా తెలుసు.

ఇంకోటి గుర్తొచ్చింది. ఒకసారి పెట్టె మీద "డాల్ఫిన్ ఫిష్" అని రాసుందని ఒక కుర్రాడు పెద్ద గొడవ చేశాడు. అది పసుపుపచ్చగా మెరిసే చేప, మాహి మాహి అంటారు, మొప్పలున్న మామూలు చేప. పెట్టె తెరిచి చూపించాక ఆ అబ్బాయే అరగంట కూర్చుని అన్ని చేపల పేర్లు రాసుకెళ్లాడు. మంచి పిల్లాడు.

పెద్దజాలరిపేట_కుర్రోడు
నా రెండో ప్రశ్న ఉండిపోయింది. పడకుండా చెయ్యడం ఎలా?

రుషికొండ_డైవర్
పింగర్ అని ఒక పరికరం ఉంది. బ్యాటరీతో నడుస్తుంది, వలకి కడితే నీళ్లలో కూత పెడుతుంది. ఆ కూతకి పోర్పస్‌లు దూరంగా పోతాయి. అమెరికా తూర్పు తీరంలో 1990ల్లో కట్టి చూస్తే వలలో పడే పోర్పస్‌లు బాగా తగ్గాయి.

పూడిమడక_గేలం
పోర్పస్ పిరికిది. డాల్ఫిన్ తెలివైనది. నాలుగు రోజులు కూత విని, అక్కడ చేప ఉందని కనిపెట్టి అన్నం గంట కొట్టినట్టు వచ్చేస్తాది చూడండి.

ఏయూ_జంతుశాస్త్రం
@పూడిమడక_గేలం బాబాయ్ చెప్పింది శాస్త్రవేత్తలు కూడా రాశారు! చేప దొంగిలించడం అలవాటైన డాల్ఫిన్లకి పింగర్ పిలుపులా మారుతుందని వాళ్ల భయం. పైగా కొంతదూరానికి ఒకటి చొప్పున వల పొడుగునా కట్టాలి, బ్యాటరీలు మార్చాలి. చిన్న బోటుకి భారం.

ఖర్చు లేనిది ఇంకోటుంది. అరేబియా సముద్రంలో పాకిస్తాన్ సూర బోట్ల వాళ్లు గిల్ నెట్టుని నీటిమట్టానికి ఆనించకుండా సుమారు 2 మీటర్లు కిందికి దించి వేశారు. బెండు పైనే తేలుతుంది, బెండుకీ వల పై తాడుకీ మధ్య ఒక తాడు ముక్క. అంతే. డాల్ఫిన్లు పడటం నాలుగింట మూడొంతులు పైనే తగ్గింది. ఊపిరికి పైకి కిందికి వచ్చిపోయే ఆ పైపొర ఖాళీగా ఉంటుంది కదా. సూర చేప కొంత తగ్గింది, దాచను.

సోనా_సరంగు
2 మీటర్లంటే ఒక బార చిల్లర. వంజరం రాత్రిపూట పైపైనే తిరుగుతాది అమ్మా. బార కిందికి దింపితే సగం పోతాది.

పూడిమడక_గేలం
వెన్నెల రాత్రుల్లో వంజరం కిందికే ఉంటాది సరంగూ. నువ్వు ట్రాల్ బోటెక్కి మర్చిపోనావు. ఇంకో లాభం చూడు, పైన వల లేకపోతే పక్క బోటు ఫ్యానుకి వల తెగదు. దానికి ఏడాదికి ఎన్ని ముక్కలు పోతున్నాయో లెక్క వేసుకో.

సోనా_సరంగు
అది మాత్రం నిజం. ఒప్పుకున్నాను.

భీమిలి_బుజ్జమ్మ
ఇంతకీ పడితే ఎలా వదలాలో కూడా చెప్పమ్మా, మా ఇంట్లో కుర్రాళ్లకి చదివి వినిపిస్తాను.

ఏయూ_జంతుశాస్త్రం
తోక పట్టి లాగకూడదు, రెక్క పట్టి ఎత్తకూడదు, కీళ్లు జారిపోతాయి. కొంకి వేయకూడదు. ముందు నెత్తిమీద బెజ్జం నీళ్లపైన ఉండేలా పట్టుకుని, అది గాలి పీల్చాక వల కొయ్యాలి. ఆ బెజ్జంలో నీళ్లు పోయొద్దు. కోసిన ముక్క దాని ఒంటిమీద మిగలకూడదు, అది తర్వాత కోసుకుంటూ లోపలికి దిగుతుంది. కోసిన వలని సముద్రంలో పారెయ్యకుండా ఒడ్డుకి తెచ్చెయ్యండి. వదిలేసిన వలకి జాలరి ఉండడు గానీ అది వేట ఆపదు.

ఒడ్డుకి కొట్టుకొస్తే తడిగుడ్డ కప్పి, బెజ్జం వదిలేసి, నీడ చెయ్యండి. జనాన్ని దూరం పంపి అటవీశాఖకి చెప్పండి. చచ్చినదైనా సరే తేదీ, చోటు, పక్కన చెప్పో కర్రో పెట్టి ఫొటో తీసి పంపండి. సాగర్‌నగర్ గారు చూసిన మూతి గీతలు వల గుర్తులే. అలాంటివి నమోదు చెయ్యడానికి మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని దేశం మొత్తానికి ఉంది.

సాగర్‌నగర్_నడక
ఆ ఫొటో నా ఫోనులో ఇంకా ఉంది. ఇవాళే పంపుతాను. ఏడాది ఆలస్యంగా.

పెద్దజాలరిపేట_కుర్రోడు
పదిహేను రోజులైంది, వచ్చి చెప్తానని అనుకున్నాను. మా వలలో సగం ముక్కలకి బెండు కింద బారెడు తాడు కట్టాం. సగం పాతలాగే ఒగ్గీసినాం. ఏది ఎంత పడుతుందో మా చెల్లి నోటుబుక్కులో రాస్తంది. ఆరు రాత్రులు వేశాం. పై వలకి 31 వంజరాలు, కింది వలకి 27. ఒక రాత్రి వెన్నెల, ఆ రాత్రి కింది వలకే ఎక్కువ పడ్డాయి, పూడిమడక బాబాయ్‌కి మా నాన్న దణ్ణం చెప్పమన్నాడు. డాల్ఫిన్ దేంట్లోనూ పడలేదు. ఆరు రాత్రులకి ఏమీ తేలదని తెలుసు. ఏప్రిల్ 15న వేట నిషేధం వచ్చేదాకా ఇలాగే వేస్తాం.

సంఘంలో కాగితం పెట్టాం. 43 సంతకాలు, అందులో 19 ఆడోళ్లవి.

సోనా_సరంగు
44 రాసుకో. నాది ట్రాల్ బోటైనా పరవాలేదు కదా?

పెద్దజాలరిపేట_కుర్రోడు
రేపు పొద్దున హార్బరులో ఐసు మిల్లు దగ్గిర ఉంటాను మావా, కాగితం తెస్తాను. నిన్న రాత్రి యారాడ కొండకి ఎదురుగా, పది బారల నీళ్లలో ఒక తల్లీ పిల్లా మా బోటు పక్కనుంచి పోయాయి. అవే అవునో కాదో చీకట్లో పోల్చలేకపోయాం. తోకమీద గాటు ఉంటాది చూడు అని మా నాన్న లైటు వేశాడు, ఈలోగా దిగిపోయాయి.